కెమెరా ఏ కొట్టంలోకి వెళ్తోంది?

జంతు హక్కుల కోసం సినిమాలు తీసేవాళ్లలో ఒక నమ్మకం చాలా బలంగా ఉంది. కబేళాలకు అద్దాల గోడలుంటే మనుషులంతా మాంసం మానేస్తారని. చూడకపోవడం వల్లే తింటున్నారు, చూపిస్తే మానేస్తారు అన్నది ఆ వాదం. 2005లో అమెరికాలో వచ్చిన ‘ఎర్త్‌లింగ్స్’, 2018లో ఆస్ట్రేలియాలో వచ్చిన ‘డొమినియన్’ లాంటి డాక్యుమెంటరీలు ఈ నమ్మకం మీద నిలబడినవే. దాచిన కెమెరా లోపలికి వెళ్తుంది, రక్తాన్ని బయటికి తెస్తుంది, చూసినవాళ్లు మారిపోతారు.

మన ఊళ్లలో ఆదివారం పొద్దున ఏ వీధి చివరకైనా వెళ్లి చూడండి. మటన్ కొట్టు ముందు తోలు తీసిన మేక వేలాడుతూ ఉంటుంది. కోళ్ల గంప పక్కనే కత్తిపీట ఉంటుంది. మన కళ్లెదుటే మెడ కోసి డబ్బాలో పడేస్తారు. లోపల అది కొట్టుకుంటూ ఉండగానే మనం చిల్లర లెక్కపెట్టుకుంటాం. అద్దాల గోడ మాట అటుంచి, అసలు గోడే లేదు. పిల్లలు చూస్తారు, ఆడవాళ్లు చూస్తారు, అందరూ చూస్తారు. ఎవరూ మానలేదు. చూపు దానంతటదే దయగా మారిపోదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అద్దాల గోడల సిద్ధాంతం పుట్టింది గోడలున్న చోట. తిమోతీ పచిరాత్ అనే రాజనీతి పరిశోధకుడు 2004లో అమెరికాలోని ఒమాహాలో ఒక పశువుల కబేళాలో కూలీగా చేరి నెలల తరబడి పనిచేశాడు. ఆ అనుభవంతో ‘ఎవ్రీ ట్వెల్వ్ సెకండ్స్’ అనే పుస్తకం 2011లో వేశాడు. పన్నెండు సెకన్లకొక పశువు చచ్చే ఆ ఫ్యాక్టరీలో కూడా చంపడాన్ని కళ్లతో చూసేవాళ్లు కొద్దిమందే. పనిని ముక్కలు ముక్కలుగా పంచేసి, లోపలివాళ్లకు కూడా కనబడకుండా చేశారు. దాచడం ఎంత రాజకీయమో చూపించడం కూడా అంత రాజకీయమేనని ఆయన హెచ్చరించాడు. మన ఉద్యమకారులు మాత్రం అక్కడి కెమెరాను తెచ్చుకున్నారు, ఆ హెచ్చరికను అక్కడే వదిలేశారు.

మన దగ్గర గోడ వెనకున్నది మాంసం కాదు, పాలు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

కొన్నేళ్ల కిందట ఒక సదస్సులో పశువధ మీద తీసిన దృశ్యాలు వేశారు. కోసేవాడి ముఖం, మెడలో తాయెత్తు, గళ్ల లుంగీ అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. పశువుల్ని అమ్మిన రైతు లేడు, కొన్న దళారీ లేడు, ఆ మాంసాన్ని ఓడలెక్కించే ఎగుమతిదారు లేడు. సినిమా అయ్యాక సభలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత అందరం బయటికొచ్చి చిక్కటి పాలతో కాచిన టీ తాగాం. ఆ టీకీ ఆ తెరమీది గేదెకీ సంబంధం ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేను అడిగితే, “అది వేరే విషయం, పాలల్లో హింస లేదు కదండీ” అన్నారు నిర్వాహకులు.

పాలల్లో హింస లేదా? పశువుల్ని మేపే మన ఆడవాళ్లనడగండి. పాలు కావాలంటే గేదె చూడి కట్టాలి, ఈనాలి. ఈనితే దూడ పుడుతుంది. ఆ దూడను విడిచి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, చేపు రాగానే మూతి లాగి గుంజకు కట్టేస్తారు. పుట్టింది దున్నదూడయితే దాని బతుకెన్నాళ్లో అందరికీ తెలుసు. ట్రాక్టరొచ్చాక దున్నే పని లేదు, పాలిచ్చే పనీ లేదు. దూడ చస్తే తల్లి చేపదు. అందుకని దూడ తోలులో గడ్డి కూరి దాని ముందు నిలబెట్టడం మన పల్లెలకు కొత్త కాదు. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు, సూది ఉంది. వట్టిపోయిన గేదె సంతకు వెళ్తుంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఆవును చంపకూడదంటుంది గానీ, వయసుడిగిన గేదెకు అధికారి ఇచ్చే కాగితం చాలు. 1998 నుంచి ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మనదే మొదటి స్థానం. గేదె మాంసం ఎగుమతుల్లోనూ మనది ముందు వరసే. ఈ రెండు ఘనతలూ ఒకే కొట్టంలో నుంచి వచ్చాయి. మొదటిదాన్ని శ్వేత విప్లవమన్నాం, రెండోదాన్ని కసాయి పాపమన్నాం.

‘చేపు’ అన్న మాట చూడండి. గేదె చేపుతుంది, బాలింతకూ చేపు వస్తుంది. రెండింటికీ తెలుగులో ఒకే మాట. చిన్నప్పుడు బళ్లో రుగాగమ సంధి చదువుకున్నాం. పేదరాలు, బాలెంతరాలు, గొడ్డురాలు. అమ్మ అయినదీ, కాలేనిదీ ఒకే సూత్రం కింద పక్కపక్కన కూర్చున్నాయి. ఈనని పశువు గొడ్డు, కనని స్త్రీ గొడ్రాలు. పశువుల్ని బాదితే ‘గొడ్డును బాదినట్టు’ అనం, భార్యను బాదితే అంటాం. గొడ్డును బాదడం అంత మామూలు కనుక అది ఉపమానం అయింది. మాంసంలో జంతువు కనబడకుండా పోయినట్టే హింసకు లోనైన స్త్రీ కూడా ఉపమానాల్లో కనబడకుండా పోతుందని 1990లో ‘ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’లో కరోల్ ఆడమ్స్ రాసింది. ఆ సంగతి మన వ్యాకరణం, మన తిట్లు ఎప్పట్నుంచో మోస్తున్నాయి.

భాష సంగతి అలా ఉంచి చట్టం దగ్గరికి వద్దాం. 1994 చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. పశువుల విషయంలో ఆడదూడే పుట్టేలా లింగం వేరుచేసిన వీర్యాన్ని రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ప్రభుత్వమే రాయితీ ఇచ్చి పంచుతోంది. మనుషుల్లో ఆడపిల్ల వద్దు, పశువుల్లో ఆడదూడే ముద్దు. చూడ్డానికి ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్నట్టుంటాయి గానీ లెక్క ఒకటే. ఆడ శరీరం వల్ల ఇంటికి లాభమా నష్టమా అన్నదే ఆ లెక్క.

ఆక్సిటోసిన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. గేదెను చేపించడానికి పొడిచే ఆ సూదిమందే ప్రసూతి వార్డులో నొప్పుల కోసం, కాన్పయ్యాక రక్తస్రావం ఆగడం కోసం స్త్రీలకు వాడతారు. పాడి పశువుల మీద దుర్వినియోగం అవుతోందన్న కారణంతో 2018లో కేంద్రం దాని తయారీని ప్రైవేటు కంపెనీల నుంచి తీసేసి ఒక్క ప్రభుత్వ సంస్థకే పరిమితం చేయబోయింది. మందు దొరక్కపోతే బాలింతల గతేమిటన్న ప్రశ్న లేచింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పశువు పేరు చెప్పి స్త్రీ ప్రాణాన్ని లెక్కలోంచి తీసేయడం ఎంత తేలికో ఇక్కడ తెలుస్తుంది. దాంతోపాటు, కోర్టు తీర్పొచ్చాక గేదె సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదన్నదీ గమనించాలి. ఈ రెంటినీ కలిపి చూసే సినిమా ఏదీ?

దృశ్య మానవశాస్త్రం ఇక్కడ పనికొస్తుందని నా వాదన. అయితే ముందు దాని గతం చూడాలి. కెమెరాకీ జంతువుకీ సంబంధం మొదట్నుంచీ మంచిది కాదు. 1878లో మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీస్తే కదిలే బొమ్మకు దారి పడింది. 1903లో న్యూయార్కు కోనీ ఐలండ్‌లో టాప్సీ అనే ఏనుగును కరెంటు పెట్టి చంపుతుంటే ఎడిసన్ కంపెనీ దాన్ని సినిమా తీసింది. అసలు ఫిల్ము మీద పూసే జెలటిన్‌నే పశువుల ఎముకల్లోంచి, తోళ్లలోంచి తీస్తారు. అహింస మీద తీసిన సినిమా అయినా సరే, ఫిల్ము మీద తీసిందైతే అందులో పశువు ఎముక ఉంది.

మానవశాస్త్ర సినిమా ఇందుకు భిన్నంగా ఏమీ లేదు. 1922లో ఫ్లాహర్టీ తీసిన ‘నానుక్ ఆఫ్ ది నార్త్’లో ఇన్యుయిట్లు సీల్‌తో పెనుగులాడే దృశ్యం ఉంటుంది. ఆ సీల్ అప్పటికే చచ్చిపోయి ఉంది. తుపాకులు వాడుతున్న మనుషుల చేత ఈటెలు పట్టించారు, ఆదిమంగా కనబడాలని. 1957లో జాన్ మార్షల్ తీసిన ‘ది హంటర్స్’లో కలహారీ వేటగాళ్లు ఒక జిరాఫీని రోజుల తరబడి వెంటాడి చంపినట్టు చూపిస్తారు. అది పలు వేటల్ని అతికిన కథ. జంతువు చావు ఇక్కడ ఒక సెట్టింగు. దాని ముందు నిలబెట్టి ఒక జాతిని ‘ఆదిమం’గా తీర్చిదిద్దారు. జంతువును వస్తువు చేసిన కెమెరాయే ఆ మనిషినీ వస్తువు చేసింది.

జాఁ రూష్ ఉదంతం మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. 1950ల మొదట్లో ఆయన నైజర్ నది మీద నీటిగుర్రం వేటను చిత్రించాడు. తర్వాత ఆ సినిమాను తీసుకెళ్లి ఆ వేటగాళ్లకే చూపించాడు. రూష్ వేట దృశ్యాలకు ఉత్సాహంగా వేటపాట జోడించాడు. వేటగాళ్లు అభ్యంతరం చెప్పారు. వేటలో చడీచప్పుడూ ఉండకూడదు, ఈ పాట వింటే నీటిగుర్రం పారిపోతుంది కదా అన్నారు. రూష్ ఆ సంగీతాన్ని తీసేశాడు. ఎవరి మీద సినిమా తీశామో వాళ్లకు చూపించి, వాళ్ల మాట విని మార్చుకోవడం అనే పద్ధతి అక్కణ్ణుంచి బలపడింది. దాన్ని పంచుకునే మానవశాస్త్రం అన్నారు. ఆ రోజు తెరముందు కూర్చోని పాత్రధారి ఒక్కటే, నీటిగుర్రం. అయినా నీటిగుర్రానికి ఏం వినబడుతుందో ఆలోచించినవాళ్లు వేటగాళ్లే. దాని చెవుల గురించి కెమెరా పట్టుకున్న పండితుడికి తోచలేదు. జంతువుతో కలిసి బతికేవాళ్లకు, అది చంపే బతుకైనా సరే, ఆ జంతువు గురించి తెలిసింది బయటినుంచి వచ్చి జాలిపడేవాళ్లకు తెలియదు. మన జంతు హక్కుల సినిమా నేర్చుకోని మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం ట్రిన్ మిన్-హా దగ్గరుంది. 1982లో సెనెగల్ స్త్రీల మధ్య తీసిన ‘రీఅసెంబ్లేజ్’లో ఆమె వాళ్ల గురించి మాట్లాడనంది, పక్కన ఉండి మాట్లాడతానంది. స్త్రీవాదులుగా ఈ తేడా మనకు బాగా తెలుసు. మన గురించి మగవాళ్లు రాసిన సాహిత్యమంతా ‘గురించి’ రాసిందే. నోరులేని జీవాలకు మేం గొంతునిస్తున్నాం అనేవాళ్లను చూస్తే నాకు పాత సంస్కర్తలు గుర్తొస్తారు. గేదెకు గొంతుంది. దూడను లాగేసిన రాత్రంతా అది అరుస్తూనే ఉంటుంది. కరువైంది వినే చెవి.

ఇక మన దేశంలో కెమెరా ఏం చేసిందో చూద్దాం. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని బట్టలూడదీసి కొట్టారు. ఆ వీడియో ఏ పాత్రికేయుడో రహస్యంగా తీసింది కాదు. కొట్టినవాళ్లే గర్వంగా తీసి పంచుకున్నారు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల మీద గోరక్షకుల పేరుతో దాడి జరిగింది. రెండు చోట్లా చంపడం లేదు. చచ్చిన పశువును ఊరికి కంపు కొట్టకుండా ఎత్తే పని, ఊరే వాళ్ల నెత్తిన పెట్టిన పని. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, తోలు తీయడం కనబడితే చాలు, చంపారని తీర్పు చెప్పి కొట్టారు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు మేం ఎత్తం, మీ అమ్మను మీరే మోసుకోండని పశువుల కళేబరాల్ని సర్కారు ఆఫీసుల ముందు పడేశారు. పశువు గురించి ఈ దేశంలో జరిగిన నిజాయితీగల చర్చల్లో నేను దాన్ని ముందు పెడతాను.

జంతు ప్రేమ వేరు, గోరక్షణ వేరు, రెండింటినీ కలపకండి అంటారు ఉద్యమ మిత్రులు. కలిపింది నేను కాదు. కోసేవాడి ముఖం చూపించి అమ్మినవాడి ముఖం దాచిన సినిమా కలిపింది. ఏ మతం పండగ రోజున ఆ సినిమా విడుదల చేయాలో లెక్కవేసుకున్నవాళ్లు కలిపారు. 2015లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులు కులానికీ తిండికీ ఉన్న సంబంధం మీద తీసిన ‘కాస్ట్ ఆన్ ది మెనూ కార్డ్’ను ఢిల్లీలో ఒక చిత్రోత్సవంలో వేయడానికి సమాచార ప్రసార శాఖ అనుమతి ఇవ్వలేదు. అక్కడ కూరను కూడా చూపించకూడదు. ఇక్కడ రక్తాన్ని ఎంతైనా చూపించొచ్చు. ఏది చూడాలో ఏది చూడకూడదో నిర్ణయించేది ఎవరి కన్ను?

ఇంత చెప్పాక నా వాళ్లతో కూడా పేచీ ఉంది. జంతువుల మాట ఎత్తితే చాలు, అది శాకాహార బ్రాహ్మణ వ్యవహారం అని మనలో చాలామంది తలుపేసేస్తారు. ఆ అనుమానానికి కారణాలున్నాయి, వాటినే పైన రాశాను. కానీ ఆ అంశాన్ని వాళ్లకే వదిలేస్తే నష్టం ఎవరికి? పశువుతో రోజూ బతికేది ఎవరు? పేడ తీసేది, కుడితి పెట్టేది, గడ్డి కోసుకొచ్చేది, ఈనే వేళ రాత్రంతా కాపలా కూర్చునేది ఆడవాళ్లు. పాల డబ్బులకు సంతకం పెట్టేది చాలా ఇళ్లలో మగవాళ్లు. పశువును పూజించే కులాలకన్నా మేపే కులాలకే పశువు గురించి ఎక్కువ తెలుసని కంచ ఐలయ్య ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఆవు పవిత్రమై, అంతకన్నా చిక్కటి పాలిచ్చే నల్ల గేదె యముడి వాహనంగా మిగిలిపోవడంలో కులం, రంగు రెండూ ఉన్నాయని ఆయన ‘బఫెలో నేషనలిజం’ చదివినవాళ్లకు తెలుసు. ఆ తెలివిడి మన దగ్గరుండగా ఈ ప్రశ్నను గోశాలల వాళ్లకెందుకు అప్పగించాలి?

చరిత్రలో ఇంకో దారి కూడా ఉంది. 1903లో లిజీ లిండ్ అఫ్ హాగెబీ, లీసా షార్టావ్ అనే ఇద్దరు స్వీడిష్ స్త్రీలు లండన్‌లో వైద్య విద్యార్థులుగా చేరి, బతికున్న జంతువుల్ని కోసి చూపే తరగతులకు హాజరై, చూసింది చూసినట్టు డైరీలో రాసి అచ్చువేశారు. ప్రొఫెసర్లు మండిపడ్డారు. అలా కోసిన ఒక గోధుమరంగు కుక్కకు 1906లో బాటర్సీ పేటలో విగ్రహం పెట్టారు. మరుసటి ఏడాది వైద్య విద్యార్థులు దాన్ని పగలగొట్టడానికి వస్తే అడ్డు నిలిచినవాళ్లలో ఓటుహక్కు అడుగుతున్న స్త్రీలూ, ఆ పేటలోని కార్మికులూ ఉన్నారు. తమ శరీరాల మీద కూడా ఆ డాక్టర్ల చేతులు ఎలా పడతాయో వాళ్లకు తెలుసు. 1910లో ఆ విగ్రహాన్ని రాత్రికి రాత్రి తీసేశారు. ఆ సాక్ష్యంలో వేలు చూపింది పైకి, అధికారం ఉన్నవాడి వైపు. మన రహస్య కెమెరా చూపేది కిందికి, దినకూలీ వైపు. ఆ తేడా చిన్నది కాదు.

ఇటీవలి సినిమాలనూ ఇదే కొలతతో చూస్తాను. 2023లో ఆస్కార్ అందుకున్న ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’లో ముదుమలై ఏనుగు పిల్లలు, వాటిని సాకిన ఆదివాసీ దంపతులు మనసు దోచుకుంటారు. కానీ ఏనుగులు ఆ శిబిరంలో బందీలుగా ఎందుకున్నాయి, ఆదివాసులకు ఆ అడవి మీద హక్కు ఏమైంది అన్నవి ఫ్రేము బయటే ఉండిపోయాయి. ప్రేమ మిగిలింది, అటవీశాఖ మాయమైంది. ఇంగ్లండులో ఆండ్రియా ఆర్నాల్డ్ 2021లో తీసిన ‘కౌ’ ఒక పాడి ఆవు పక్కనే నడిచి, దూడను వేరుచేసిన క్షణం నుంచి ఆవు చివరి క్షణం దాకా చూపించింది. కబేళాకు కాదు, పాల కొట్టానికి వెళ్లిన కెమెరా అది. శౌనక్ సేన్ 2022లో ఢిల్లీలో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ మనకు ఇంకా దగ్గర. గాయపడ్డ గద్దల్ని బాగుచేసే ముస్లిం అన్నదమ్ముల కథ అది. గద్ద మాంసం తింటుంది కనుక దానికి వైద్యం చేయమన్న పక్షుల ఆసుపత్రి ఉంది ఆ నగరంలో. ఈ అన్నదమ్ములు మాంసం ఆడించి గద్దలకు పెడతారు. బయట పౌరసత్వ చట్టం మీద గొడవలు జరుగుతుంటాయి. ఎవరి ప్రాణం లెక్కలోది, ఎవరిది కాదన్న ప్రశ్న పక్షికీ మనిషికీ ఒకేసారి పడుతుంది. మాంసం ముట్టని కరుణ గద్దను వదిలేస్తే, మాంసం ఆడించిన చెయ్యి దాన్ని బతికించింది. దీని తర్వాత కూడా జంతు ప్రేమకు శాకాహారమే కొలబద్ద అంటే నేనొప్పుకోను.

అందుకని నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. చేతిలో కత్తి ఉన్నవాడి ముఖం చూపించే హక్కు కావాలంటే, సంతలో బేరమాడినవాడి ముఖం, పాల కేంద్రం లెక్కల పుస్తకం, ఎగుమతి కాగితం కూడా అదే సినిమాలో చూపించాలి. లేకపోతే అందరి ముఖాలూ దాచాలి. తీసిన సినిమాను ఏ మనుషుల మీద తీశారో వాళ్ల పేటలో, వాళ్ల భాషలో ముందుగా వేయాలి. వాళ్లు ‘ఇది గేదెకు వినబడుతుంది’ అంటే వినాలి. సింహాచలం అప్పన్నకు దూడను సమర్పించేవాళ్లనూ, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కట్టేవాళ్లనూ భక్తి దృశ్యంగా తీసి వదిలేయకుండా, మొక్కు తీరాక ఆ కోడె ఎటు పోయిందో కెమెరా వెంట వెళ్లాలి. పాలు పితికే స్త్రీకీ పాలిచ్చే పశువుకీ మధ్య ఉన్న బంధాన్ని తల్లితనమని పొగడకుండా, అందులోని మమకారాన్నీ దోపిడీనీ రెండింటినీ ఉంచి చూపించాలి. ఆమే ఆ దూడను లాగి కట్టేది, ఆమే దాని ఒంటి మీద గోనెపట్టా కప్పేది.

పేదింటి ఆడమనిషి ఒక్క గేదె మీద బతుకుతుంటే ఆ పాడి కూడా మానెయ్యమంటావా అని నన్ను అడుగుతారు. ఆమెను ముందుగా బోనెక్కించే సినిమా నాకు అక్కర్లేదు. ఆమెకు అప్పిచ్చి, గేదె అంటగట్టి, లీటరుకింత అని లాక్కుని, వట్టిపోయినప్పుడు ‘కసాయికి అమ్మావు’ అని నిందించే వ్యవస్థ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ కాపలా ఉంటుంది, గేటుంటుంది, కెమెరాకు అనుమతి ఉండదు. అద్దాల గోడలు అడగాల్సింది అక్కడ.